అమ్మ అడిగిన అయిదు ప్రశ్నలు

ఆ ఆదివారం సాయంత్రం తణుకులో మా ఇంట్లో చిన్నపాటి రౌండ్‌టేబుల్ సమావేశం జరిగింది. హైదరాబాద్ నుంచి తమ్ముడు వచ్చాడు. జర్మనీ నుంచి చెల్లెలు ఫోన్లో హాజరైంది. కాఫీలు మా ఆవిడవి, అధ్యక్షత నాది. అమ్మ మాత్రం చాప మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుకుంటోంది. చర్చంతా ఆవిడ గురించే.

అమ్మకి డెబ్భై నిండుతున్నాయి. మ్యూనిక్‌లో చెల్లెలి దగ్గర రెండు వారాలు ఉండటానికి ఎట్టకేలకు ఒప్పుకుంది. తోడు నేను. ‘అంత దూరం వెళ్తూ ఒక్క ఊరైనా సరదాగా చూడకపోతే ఎలా? ముందు మూడు రాత్రులు వియన్నాలో ఉండండి. అక్కణ్నుంచి రైల్లో నాలుగు గంటలు కూర్చుంటే మ్యూనిక్’ అన్నాడు తమ్ముడు. ‘ఆ మూడు రాత్రులూ అమ్మ మహారాణిలా ఉండాలి. ఖర్చు నాది’ అని కూడా అన్నాడు. ఖర్చు తనదన్న వాడి మాటకి ఏ ఇంట్లోనైనా విలువ ఉంటుంది కదండీ. అందరం బుద్ధిగా వాడి లాప్‌టాప్ ముందుకి జరిగాం.

ఒక్కో హోటలే చూపిస్తున్నాడు. ఒకదాంట్లో గుడి గంటలంత దీపాల గుత్తులు. ఇంకోదాంట్లో మా పెరడంత మంచం. ‘ఇది చూడమ్మా, అయిదు నక్షత్రాలు! ఒకప్పుడు జమీందారుల కోటంట’ అన్నాడు ఉత్సాహంగా.

అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

‘బానే ఉంది గానీ, వీధి గుమ్మంలోంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లున్నాయిరా?’

ఎవ్వరం మాట్లాడలేదు. ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో మా ముగ్గురికీ తెలుసు.

కిటికీ చూసి గది తీసుకున్నాం

2011లో నాన్నగారికి పారిస్ చూపించాం. చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఈఫిల్ టవర్ బొమ్మ ఉందని, ఎప్పుడో అయిపోయిన క్యాలెండర్‌ని కూడా గోడ మీంచి తియ్యనిచ్చేవారు కాదు. మేం ముగ్గురం తలా కొంత వేసుకుని, కిటికీలోంచి టవర్ కనబడే హోటల్ ఒకటి ఫోటోలు చూసి పట్టుకున్నాం. నాలుగు నక్షత్రాలది. ఇంకేం కావాలి అనుకున్నాం.

తీరా వెళ్తే వీధి గుమ్మం దాటాక తొమ్మిది మెట్లెక్కితే గానీ లిఫ్టు రాదు. ఆ లిఫ్టు అయిదో అంతస్తుతో ఆగిపోతుంది. మా గది ఆరో అంతస్తులో, కప్పు కింద. పాత భవనం కదా, అంతేనన్నారు. టవర్ నిజంగానే కనిపించింది. కాకపోతే కిటికీ పక్కన నిలబడి మెడ బయటికి చాపాలి.

నాన్నగారికి అప్పటికే మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. మొదటిరోజు ఎక్కారు, దిగారు. మెట్రో స్టేషన్ దగ్గర మళ్లీ మెట్లే. పారిస్ మెట్రో చాలా పాతది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులున్నది 14వ నంబరు లైను ఒక్కటే. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. రెండోరోజు పొద్దున్న ‘మీరు వెళ్లిరండర్రా, నేను ఇక్కణ్నుంచే చూస్తాను’ అన్నారాయన. మూడోరోజూ అదే మాట. మేం ఊరంతా తిరిగాం. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు. అమ్మ ఆయన పక్కన కూర్చుంది.

తిరిగొచ్చాక ఎవరడిగినా ‘పారిస్ బ్రహ్మాండంగా చూశామండీ’ అనేవారు. 2018లో ఆయన వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

హోటల్‌వాళ్ల తప్పేం లేదు. అడిగుంటే చెప్పేవాళ్లు. మేమే అడగలేదు. కిటికీని చూసి గది తీసుకున్నాం గానీ, ఆ గదిలో ఉండబోయే మనిషి మోకాళ్లని చూసి తీసుకోలేదు.

మా ఇల్లూ ఒక హోటలే

‘నీకు హోటళ్ల సంగతేం తెలుసమ్మా?’ అని తమ్ముడు అనబోయి ఆగిపోయాడు. ఎందుకంటే మా ఇంట్లో హోటల్ నడిపిన అనుభవం ఉన్నది ఆవిడకొక్కర్తికే.

మా ఇల్లు తణుకు స్టేషన్‌కి నడిచెళ్లేంత దూరం. ఇరగవరం, ఉండ్రాజవరం, పెరవలి వైపు చుట్టాలెవరికి రాత్రి రైలున్నా మా ఇంట్లో భోంచేసి వెళ్లాల్సిందే. తెల్లవారుజామున దిగినవాళ్లు మా ఇంట్లో మొహం కడుక్కోవాల్సిందే. ఆసుపత్రి పనులు, కోర్టు పనులు, కాలేజీ సీట్లు, పెళ్లి బట్టలు... ఏ పనికి వచ్చినా మకాం మాదే. ఏ రాత్రి ఎన్ని మంచాలు వాల్చాలో ఆవిడకి ముందే తెలిసిపోయేది. ముసలివాళ్లకి పెరటివైపు గది. అర్ధరాత్రి లేస్తే తడుముకోకుండా వెళ్లాలని దారిలో చిన్న లైటు. తలగడ పక్కన మూతపెట్టిన చెంబుతో నీళ్లు. బాలింత వస్తే వీధి చప్పుడు వినపడని గది. ఇవన్నీ ఎవరూ అడక్కుండానే చేసేది. నలభై ఏళ్లు అలా మందికి పక్కలేసిన మనిషి, హోటల్ గది ఎలా ఉండాలో మనకంటే బాగానే చెబుతుంది. 

‘అయితే నువ్వే చెప్పమ్మా, ఏమేం చూడాలో’ అన్నాను. చిక్కుడుకాయలు తుంచుతూనే అయిదు ప్రశ్నలు చెప్పింది. నేను రాసుకున్నాను. యూరప్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ఈమధ్య మన ఊళ్లలోనూ ఎక్కువయ్యారు గనక, ఈ వారం ఆ అయిదూ మీకు కూడా చెప్పేస్తున్నాను.

నక్షత్రాల సంగతి ముందు

అంతకంటే ముందు ఈ నక్షత్రాల లెక్కేంటో తెలుసుకోవాలి. యూరప్ మొత్తానికీ ఒకే కొలత ఉంటుందనుకుంటాం. లేదు. 2009లో కొన్ని దేశాల హోటల్ సంఘాలు కలిసి హోటల్‌స్టార్స్ యూనియన్ అని పెట్టుకున్నాయి. ఆస్ట్రియా, జర్మనీ, హంగరీ లాంటివి అందులో ఉన్నాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌ల పద్ధతులు వేరు. ఫ్రాన్స్‌లో అయితే 2009 దాకా అయిదో నక్షత్రమే లేదు. నాలుగే పైమెట్టు. ఆ తర్వాత అయిదు పెట్టారు. 2010లో దానిపైన ‘ప్యాలెస్’ అనే హోదా ఒకటి తెచ్చారు. ఇక ఏడు నక్షత్రాల హోటల్ అని ఎవరైనా అంటే అది ప్రచారం కోసం అన్న మాటే. ఈ పద్ధతుల్లో వేటిలోనూ ఏడో నక్షత్రం లేదు.

నక్షత్రాలు వేటిని లెక్కపెడతాయో కూడా చూడండి. రిసెప్షన్లో 24 గంటలూ మనిషి ఉంటాడా, గదిలో చిన్న ఫ్రిజ్, బీరువా పెట్టె ఉన్నాయా, ఇస్త్రీ గంటలో చేసిస్తారా, రాత్రి ఎన్నింటికడిగినా గదికి తినడానికి తెచ్చిస్తారా, సాయంత్రం మళ్లీ వచ్చి పక్క సర్దుతారా... ఇలాంటివి. అవీ అవసరమే. కానీ వీధిలో ట్రాము చప్పుడు గదిలోకి వినిపిస్తుందా, కిటికీ తీస్తే పక్క గోడ కనిపిస్తుందా అన్నది ఏ నక్షత్రమూ చెప్పదు.

ఇంకో మాట. యూరప్‌లో పేరున్న పెద్ద హోటళ్లు చాలావరకు పాత భవనాలు. వియన్నాలోని ఇంపీరియల్ ఒక డ్యూక్‌గారు కట్టుకున్న భవంతి. 1873లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు హోటల్‌గా మారింది. మన ఫలక్‌నుమా 2010లో హోటల్ అయినట్టన్నమాట. అయితే కోట అన్నాక రాజుగారి గదులే కాదు, నౌకర్ల గదులు కూడా ఉంటాయి. ఇలాంటి భవనాల్లో ఒకే హోటల్లో ఒక గది ఆస్థానంలా ఉంటే, ఇంకోటి అటకలా ఉండొచ్చు. వెబ్‌సైట్‌లో కనిపించే ఫోటో సాధారణంగా మొదటిదానిది. అందరికంటే తక్కువ ధరకి మనం తీసుకునేది రెండోది. అందుకని హోటల్ పేరొక్కటే చూస్తే చాలదు. ఏ రకం గది, ఎన్ని చదరపు మీటర్లు, కిటికీ ఎటువైపు అన్నవి చూడాలి. ఫ్రాన్స్‌లో నాలుగు నక్షత్రాల హోటల్లో ఇద్దరుండే గది కనీసం 16 చదరపు మీటర్లుండాలి. అంటే దాదాపు 170 చదరపు అడుగులు. మన ఇళ్లలో పిల్లల గది పాటి. రెండు పెద్ద సూట్‌కేసులు తెరిస్తే ఇంక కాలు పెట్టడానికి చోటుండదు.

మొదటి ప్రశ్న: మెట్లెన్ని?

‘లిఫ్టు ఉంది’ అన్న జవాబు చాలదని పారిస్‌లో తెలిసింది. వీధి నుంచి లిఫ్టుకి ఎన్ని మెట్లు? లిఫ్టు మన గది ఉన్న అంతస్తు దాకా వస్తుందా? టిఫిన్ గది దగ్గర మెట్లున్నాయా? దగ్గర్లోని మెట్రో స్టేషన్‌కి లిఫ్టుందా? ఈ నాలుగూ విడివిడిగా అడగాలి. ఆమ్‌స్టర్‌డామ్ కాలవగట్ల మీది పాత ఇళ్లయితే నిచ్చెనలాంటి మెట్లకే పేరు. వాటిని హోటళ్లుగా మార్చినచోట లిఫ్టు లేనివీ ఉంటాయి. 

ఈ ప్రశ్న దగ్గరే మాకు వియన్నా మీద నమ్మకం కుదిరింది. అక్కడి మెట్రోని యు-బాన్ అంటారు. అన్ని స్టేషన్లకీ లిఫ్టులున్నాయి. పారిస్ వెళ్లేవాళ్లు దిగులు పడక్కర్లేదు. పెద్దవాళ్లతో వెళ్తే మెట్రో మానేసి బస్సెక్కండి. బస్సుల్లో ఎక్కడం తేలిక. పైగా ఊరూ కనిపిస్తుంది.

రెండో ప్రశ్న: నీళ్ల గది ఎలా ఉంది?

1898లో సెజార్ రిట్జ్ అనే ఆయన పారిస్‌లో రిట్జ్ హోటల్ తెరిచాడు. స్విట్జర్లాండ్ పల్లెటూరి రైతు కుటుంబంలో పదమూడో సంతానం. హోటళ్లలో సర్వరుగా మొదలుపెట్టి పైకొచ్చాడు. తన హోటల్లో ప్రతి గదికీ సొంత స్నానాల గది కట్టించాడు. ఆ రోజుల్లో అదో వింత. మన బొంబాయి తాజ్ 1903లో మొదలైంది. అంటే హోటల్ భోగానికి అసలు కొలత మొదట్నుంచీ స్నానాల గదేనన్నమాట.

అయితే పాత హోటళ్లలో భోగం అంటే తొట్టె. స్నానానికి తొట్టె అంచు దాటి లోపలికి దిగాలి. నడుం, మోకాళ్లు బాగున్నవాళ్లకి సరదాగానే ఉంటుంది. డెబ్భై ఏళ్ల మనిషికి తడి పాలరాతి మీద ఒంటికాలి మీద నిలబడటమంటే ప్రమాదం. అందుకని ‘తొట్టె కాదు, నడిచి లోపలికి వెళ్లే షవర్ ఉన్న గది కావాలి’ అని ముందే రాయాలి. పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని కూడా అడగాలి.

బక్కెట్, మగ్గు ఉండవు. వాటి గురించి అమ్మ పెద్ద బెంగే పెట్టుకుంది. ‘ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకెళ్తే కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటారా?’ అనడిగింది. పట్టుకోరు. మీరూ పెట్టుకెళ్లండి. మంచి హోటళ్లలో కూడా అన్నిచోట్లా గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉండదు. అడిగితే ఇస్తారు. తాగే నీళ్లకి వియన్నాలో దిగుల్లేదు. 1873లోనే ఎక్కడో దూరాన ఉన్న కొండ ఊటల నుంచి ఊళ్లోకి కాలవ కట్టుకొచ్చారు. మోటార్లు అక్కర్లేకుండా పల్లానికి పారి వస్తాయి. కుళాయి తిప్పుకుని తాగెయ్యొచ్చు. సీసా నీళ్లకి యూరోలు పోయక్కర్లేదు.

మూడో ప్రశ్న: చుట్టుపక్కల ఏముంది?

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తన యాత్రా చరిత్రలో మజిలీ మజిలీకీ ఇదే రాసుకుంటూ పోయారు. నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి వసతుందా అని. దాదాపు రెండొందల ఏళ్లయినా ప్రయాణికుడి అవసరాలు మారలేదు.

హోటళ్ల ప్రకటనల్లో ‘ఊరి నడిబొడ్డుకి పది నిమిషాలు’ అని ఉంటుంది. నడిస్తే పదా, టాక్సీలోనా అన్నది చెప్పరు. మ్యాప్ తెరిచి, మీరు చూడాలనుకున్న మూడు చోట్లకీ అక్కణ్నుంచి దూరం కొలుచుకోండి. మూడు రాత్రుల ప్రయాణంలో ఊరవతల చవగ్గా దొరికిన పెద్ద గదికంటే, మధ్యాహ్నం అలిసిపోతే వచ్చి కాసేపు నడుం వాల్చుకోగలిగిన చిన్న గది నయం. వియన్నాలో ‘రింగ్’ అని వలయంలా ఒక రోడ్డుంది. పాత ఊరంతా ఆ వలయం లోపలే. ఒపెరా, పెద్ద చర్చి, రాజుల కోట అన్నీ దగ్గర దగ్గరే. ఆ రోడ్డు మీద ట్రాములు తిరుగుతాయి. అక్కడుంటే మంచిదే. కాకపోతే వీధివైపు గది వద్దు, పెరటివైపు ఇవ్వండని అడగాలి. బాలింతలకి మా అమ్మ ఇచ్చే గది లాంటిదన్నమాట.

ఆదివారాలు అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. పెరుగు డబ్బా కావాలన్నా రైల్వేస్టేషన్ దాకా వెళ్లాలి. శనివారమే కొనిపెట్టుకోవాలి. ఎండాకాలం వెళ్తే ఏసీ ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. చలిదేశం కదా, ఏసీ ఎందుకనుకోవద్దు. 2019 జులైలో పారిస్‌లో 42.6 డిగ్రీల ఎండ కాసింది. మన తాడేపల్లిగూడెంలో మే నెల ఎండతో సమానం.

నాలుగో ప్రశ్న: పొద్దున్నే దిగితే గదిస్తారా?

ఈ ప్రశ్న తెల్లవారుజాము రైళ్లకి చుట్టాలని దింపుకున్న మనిషికే తడుతుంది. మన దగ్గర్నుంచి రాత్రి బయల్దేరే విమానాలు చాలావరకు పొద్దున్నే దింపుతాయి. హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. రాత్రంతా కూర్చుని ప్రయాణం చేసిన పెద్దవాళ్లని ఇంకో ఆరేడు గంటలు లాబీలో సోఫా మీద కూర్చోబెడితే, ఆ సోఫా ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? ముందే రాసి అడిగితే గది ఖాళీగా ఉంటే పొద్దున్నే ఇస్తారు. కచ్చితంగా కావాలంటే ముందు రాత్రికి కూడా డబ్బు కట్టాలి. నాలుగు రాత్రుల డబ్బుతో గొప్ప హోటల్లో మూడు రాత్రులుండే బదులు, కాస్త తక్కువ హోటల్లో ముందు రాత్రి కూడా కలిపి తీసుకోవడం మేలని అమ్మ తీర్పు. మేం అదే చేశాం.

అయిదో ప్రశ్న: అన్నీ కలిపి ఎంత?

గది ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. అందులో టిఫిన్ ఉందా లేదా చూడాలి. పెద్ద హోటళ్లలో టిఫిన్‌కి మనిషికి 30, 40 యూరోల దాకా అవుతుంది. అమ్మ తినేది రెండు రొట్టెముక్కలు, ఒక పండు, కాఫీ. అలాంటివాళ్లు టిఫిన్ లేని ధరకి గది తీసుకుని, వీధి చివర బేకరీలో తింటే పోయేదానికి... పైగా వియన్నాలో కాఫీ హోటళ్లంటే ఆ ఊరి ప్రాణం.

ఊరి పన్ను అని వేరే ఉంటుంది. రోమ్‌లో 2023 అక్టోబరు నుంచి అయిదు నక్షత్రాల హోటల్లో మనిషికి రాత్రికి 10 యూరోలు చేశారు. ఇద్దరు మూడు రాత్రులుంటే 60 యూరోలు. గది ధరతో పాటు ముందే కట్టేశాం అనుకుంటాం, తీరా వెళ్లేటప్పుడు చేతిలో బిల్లు పెడతారు. దిగినప్పుడు క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. వెళ్లేటప్పుడు వదిలేస్తారు గానీ, ఆ సొమ్ము కార్డులో ఉండాలిగా. ఇంకోటి. కార్డు గీసేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా?’ అని మర్యాదగా అడుగుతుంది. మన రూపాయి కదా అని ముచ్చటపడి నొక్కొద్దు. వాళ్ల మారకం లెక్కలో మనకే నష్టం. యూరోలే నొక్కండి.

అన్నిటికంటే ముఖ్యం, వీసా రాకముందు ‘డబ్బు వెనక్కి రాదు’ అనే చవక ధరకి గది తీసుకోవద్దు. షెంగెన్ వీసాకి బస ఎక్కడో చూపించాలి. 30 వేల యూరోలకి తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి వీసా రుసుము 90 యూరోలు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. మేం దిగేది వియన్నాలో అయినా, రెండు వారాలుండేది మ్యూనిక్‌లో కాబట్టి జర్మనీ వీసాకే పెట్టుకున్నాం. వీసా వచ్చేదాకా హోటల్ బుకింగ్ రద్దు చేసుకునే వీలుండాలి. దానికి రాత్రికి నాలుగు యూరోలు ఎక్కువైనా ఇచ్చెయ్యడమే.

మూడు ఉత్తరాలు, మూడు జవాబులు

తమ్ముడు ఈ అయిదు ప్రశ్నల్నీ ఇంగ్లీషులో పెట్టి, వియన్నాలో మూడు హోటళ్లకి మెయిల్ చేశాడు. రాత్రికి మూడొందల యూరోల నుంచి ఆరొందలు దాటినవాటి దాకా ఉన్నాయి అందులో.

అన్నిటికంటే ఖరీదైన హోటల్ మర్నాడే జవాబిచ్చింది. ‘మీ తల్లిగారి పుట్టినరోజు మాతో జరుపుకోవడం మాకు గర్వకారణం’ అని మొదలుపెట్టి, దీపాల గుత్తుల చరిత్రంతా రాసింది. మెట్ల మాట లేదు. రెండో హోటల్ ‘గదులు లభ్యతను బట్టి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. మూడోదాన్నుంచి రెండు రోజులు జవాబే లేదు. మూడోరోజు వచ్చింది. ‘వీధి నుంచి లిఫ్టుకి మెట్లు లేవు. మీకు ఇవ్వాలనుకున్న గదిలో షవర్ దగ్గర నేల రెండు సెంటీమీటర్లు ఎత్తుంది. మీ అమ్మగారికి అది ఇబ్బందా? అయితే ఇంకో గది చూస్తాం. అది కొంచెం చిన్నది’ అని రాశారు.

తమ్ముడు అది తెలుగులో చదివి వినిపించాడు. అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి ‘వాడెవడో లేచెళ్లి కొలిచొచ్చాడ్రా’ అంది. హోటల్ ఖాయమైపోయింది.

పేరు చెప్పను. ప్రకటన అయిపోతుంది. అయినా మీకు కావాల్సింది ఆ పేరు కాదు. మీ ఇంట్లో వెళ్లబోయే మనిషికి ఏం ఇబ్బందో అది రాసి పంపండి. వచ్చే జవాబే ఆ హోటల్ ఎలాంటిదో చెప్పేస్తుంది.

పక్క ఎవరు వేస్తారు?

విమానం పొద్దున్న ఆరున్నరకి దిగింది. ఎనిమిదింటికల్లా అమ్మ మంచం మీద నడుం వాల్చింది. గది మరీ పెద్దదేం కాదు. పెరటివైపు కిటికీ. బయట ఒక చెట్టు, నాలుగు సైకిళ్లు. సాయంత్రానికి చెల్లెలు రైల్లో వచ్చేసింది. రెండు మంచాల గది వాళ్లిద్దరిదీ. పక్కనే చిన్న గది నాది. రోజూ పొద్దున్న ఒకచోటు, సాయంత్రం ఒకచోటు, మధ్యలో నిద్ర. అంతే మా కార్యక్రమం. రింగ్ చుట్టూ ట్రాములో తిరుగుతుంటే అమ్మకి ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగాం.

రెండోరోజు పొద్దున్న వాళ్ల గదికి వెళ్లేసరికి తలుపు దగ్గర చిన్న గొడవ. గది సర్దే ఆవిడ లోపలికొచ్చేసరికి మా అమ్మ అప్పటికే రెండు మంచాలూ సర్దేసింది. దుప్పట్లు మడతపెట్టి, తలగడలు ఒకదాని మీద ఒకటి పేర్చేసింది. ఆవిడ జర్మన్లో ఏదో అంటోంది. అమ్మ తెలుగులో ‘పర్లేదమ్మా, అయిపోయింది, నువ్వెళ్లు’ అంటోంది. ఆవిడకీ యాభై దాటి ఉంటాయి. నవ్వుతూ అమ్మ భుజాలు పట్టుకుని తీసుకెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. దుప్పట్లన్నీ తీసేసి మళ్లీ మొదట్నుంచీ వెయ్యడం మొదలుపెట్టింది.

అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. అంచు ఎలా మడుస్తోంది, మూల ఎలా దోపుతోంది, అన్నీ. పని తెలిసినవాళ్లు ఇంకొకరి పనిని చూసే చూపు. ఆవిడ వెళ్తుంటే అమ్మ పర్సులోంచి రెండు యూరోలు తీసి, తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది.

‘నాకు ఇంకొకళ్లు పక్కెయ్యడం, నేను కూర్చుని చూడటం పురుళ్లప్పుడేరా. మళ్లీ ఇదే’ అంది నాతో. ఆ మూడు పురుళ్లూ మావే.

సాయంత్రం తిరిగొచ్చాం. వీధి గుమ్మం దగ్గర అమ్మ ఆగింది. కింద నేలవంకే చూసుకుంటూ గుమ్మం, వరండా, రిసెప్షన్, లిఫ్టు దాకా నెమ్మదిగా నడిచింది. నొప్పి పెడుతోందేమోనని చెయ్యి పట్టుకోబోయాను. వద్దంది. లిఫ్టు లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా ఒకసారి చూసింది.

‘మీ నాన్నగారు వచ్చేవారురా ఇక్కడికి. సుఖంగా నడిచి వచ్చేవారు’ అంది.

తణుకు వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘హోటల్ ఎలా ఉందండీ? బాగా పెద్దదా?’ అని అడుగుతున్నారు. అమ్మ అందరికీ ఒకటే జవాబు చెబుతోంది.

‘మెట్లు లేవండీ.’